సత్యమైన లెక్క : ఆచార్య ప్రశాంతచంద్ర మహలనోబిస్ జీవితము

మన బడిలో ప్రతి ఉదయమును హాజరుపట్టీ చదువబడును. తన పేరు వినబడగానే పలుకుట విద్యార్థికి అలవాటైన పని. ఆ పట్టీ అడుగున ఉపాధ్యాయుడు వేయు మొత్తమును గూర్చి తలచువారు తక్కువ. కాని ఒడిశా గడ్డపై తరతరములుగా నివసించుచున్న మనవంటి తెలుగువారికి ఆ మొత్తము అల్పవిషయము కాదు. 1949వ సంవత్సరమున రాష్ట్రముల విద్యామంత్రులు సమావేశమై యొక నిర్ణయము చేసిరి. ప్రాథమిక దశలో మాతృభాష వేరైన పిల్లలు పాఠశాల మొత్తముమీద 40 మందికి గాని, ఒక తరగతిలో 10 మందికి గాని తక్కువ కాకుండ ఉన్నచో, వారికి వారి భాషలో బోధించుటకు ఒక ఉపాధ్యాయునైనను నియమింపవలెననుట ఆ నిర్ణయము. అనగా తొమ్మిదికిని పదికిని గల భేదము మనకు వట్టి అంకెల భేదము కాదు. పసివాడు తెలుగు అక్షరము దిద్దుటకును దిద్దకపోవుటకును గల భేదము.

ఇట్లు లెక్కలు మనుష్యుల బ్రతుకులను నడుపునప్పుడు, ఆ లెక్క సత్యమైనదేనా, అది ఎట్లు తెలిసినది, దానిని మరల సరిచూచినవారు ఎవరు అని అడుగుట మన విధి. ఈ ప్రశ్నలనే జీవితాంతము అడిగి, దేశముచేత అడిగించిన మహనీయుడొకడు వంగదేశమున జన్మించెను. ఆయన పేరు ప్రశాంతచంద్ర మహలనోబిస్. ఆయన పుట్టిన జూన్ 29వ తేదీ 2007వ సంవత్సరమునుండి మన దేశమున గణాంక దినముగా జరుపబడుచున్నది. వేసవి సెలవులు ముగిసి బడులు తెరచు దినములలో వచ్చు ఈ పండుగను పురస్కరించుకొని, ఆయన చరిత్రమును మా విద్యార్థులకును వారి తలిదండ్రులకును చెప్పదలచితిమి.

ప్రశాంతచంద్రుడు 1893లో కలకత్తా నగరమున జన్మించెను. ఆయన తాతగారైన గురుచరణుడు తూర్పు బెంగాలులోని విక్రమపురమునుండి కలకత్తాకు వచ్చి, మందుల అంగడి పెట్టుకొని స్వశక్తిచే పైకి వచ్చినవాడు. బ్రహ్మసమాజమున చేరి, ఆనాటి ఆచారమును ఎదిరించి, 1864లో ఒక వితంతువును వివాహమాడిన ధైర్యశాలి. తండ్రి ప్రబోధచంద్రుడు, తల్లి నీరదవాసిని. ఆమె సోదరుడు ప్రసిద్ధ వైద్యుడగు నీలరతన్ సర్కార్. విద్యావంతుల రాకపోకలతో కళకళలాడు అట్టి యింట బాలుడు పెరిగెను. పెద్దలు చెప్పినదైనను కారణము తెలియక అంగీకరింపకుండు స్వభావము ఆయనకు ఇంటనే అలవడెను.

తాతగారు స్థాపించిన బ్రహ్మ బాలుర పాఠశాలలో చదివి, 1908లో మెట్రిక్యులేషన్ పరీక్షలో ఉత్తీర్ణుడయ్యెను. పిమ్మట ప్రెసిడెన్సీ కళాశాలలో చేరి, 1912లో భౌతికశాస్త్రమున ఆనర్సుతో బి.ఎస్సీ. పట్టము పొందెను. అచ్చట జగదీశచంద్ర బోసు, ప్రఫుల్లచంద్ర రాయి వంటి మహాశాస్త్రజ్ఞులు ఆయనకు గురువులు.

1913లో ఉన్నతవిద్యకై ఇంగ్లండునకు వెళ్లెను. లండను విశ్వవిద్యాలయమున చేరవలెనని ఆయన సంకల్పము. ఒకనాడు కేంబ్రిడ్జి పట్టణమును చూచుటకు పోయి, అచ్చటి కింగ్స్ కళాశాల ప్రార్థనామందిరము అందమును చూచుచు మైమరచి, లండనుకు పోవు చివరి రైలును తప్పిపోయెను. ఆ రాత్రి ఒక మిత్రుని ఇంట నిలిచెను. ఆ మిత్రుని ప్రోత్సాహముతో మరునాడు ఆ కళాశాలలోనే ప్రవేశము కోరెను, దొరకెను. ఒక రైలు తప్పుటచే ఆయన జీవితము మరియొక దారి పట్టినది. అచ్చట 1914లో గణితమునందు మొదటిభాగమును, 1915లో భౌతికశాస్త్రమునందు రెండవభాగమును పూర్తిచేసి, ప్రథమశ్రేణిలో ఉత్తీర్ణుడయ్యెను.

ఆ కాలముననే శ్రీనివాస రామానుజన్ కేంబ్రిడ్జిలో నుండెను. ఇరువురును మంచి స్నేహితులు. చలిదేశపు పడక ఎట్లు పరచుకొనవలెనో ఎరుగక రామానుజన్ కంబళ్లపైననే పరుండి, కోటును శాలువను కప్పుకొని వణకుచుండగా, కంబళ్ల నడుమ దూరి పరుండవలెనని చూపినవాడు ప్రశాంతచంద్రుడే.

మరియొకనాడు రామానుజన్ వంట చేసుకొనుచుండగా, ప్రశాంతచంద్రుడు ఒక పత్రికలోని చిక్కుప్రశ్నను చదివి వినిపించెను. ఒక వీథిలో ఇండ్లకు ఒకటినుండి వరుసగా అంకెలు వేయబడినవి. ఒక ఇంటికి ఎడమవైపున గల ఇండ్ల అంకెల మొత్తము, కుడివైపున గల ఇండ్ల అంకెల మొత్తమునకు సమానము. వీథిలో ఇండ్లు యాబదికి మించి అయిదువందలకు లోపుగా నున్నచో, ఆ ఇంటి అంకె ఎంత? ప్రశాంతచంద్రుడు కొన్ని నిముషములలో ఊహించి సరిచూచి సమాధానము కనుగొనెను. వీథిలో 288 ఇండ్లు. అడిగిన ఇల్లు 204వది. మా విద్యార్థులు కూడి చూచుకొనవచ్చును. ఇరువైపులను 20,706 వచ్చును. రామానుజన్ గరిటె తిప్పుచునే, ఈ ఒక్క వీథికే గాక ఇట్టి వీథులన్నిటికిని సమాధానములిచ్చు ఒక భిన్నమాలికను చెప్పెను. తన మిత్రుని ప్రతిభ ఎట్టిదో ప్రశాంతచంద్రునికి ఆనాడు బాగుగ తెలిసెను. తనకు గల శక్తి వేరు. వీథిని, ఇంటిని, అందులోని మనుష్యులను చూచి, అచ్చట దాగియున్న ప్రశ్నను గణితమునకు అందించుట ఆయన శక్తి. ఆ సంగతి త్వరలోనే తేటపడెను.

1915లో స్వదేశమునకు కొలదికాలము వచ్చి పోదమని ప్రశాంతచంద్రుడు బయలుదేరెను. మరల కేంబ్రిడ్జికి వచ్చి పరిశోధన చేయుటకు విద్యార్థివేతనము సిద్ధముగా నుండెను. యుద్ధకాలమగుటచే ఓడ ఆలస్యమయ్యెను. ఆ తీరికలో గ్రంథాలయమున తిరుగుచుండగా, కళాశాలలోని గురువొకరు బయోమెట్రికా అను పత్రిక సంపుటములను ఆయనకు చూపెను. ప్రాణుల కొలతలను గణితముచే పరిశీలించు పత్రిక అది. ఆయన సంపుటములన్నియు కొని, ఓడలో చదువుచు వచ్చెను. గణాంకశాస్త్రమను ఈ క్రొత్తవిద్య, అనగా స్టాటిస్టిక్స్, వాతావరణమునకును, మానవశాస్త్రమునకును, వ్యవసాయమునకును గూడ పనికివచ్చునని ఓడ ఒడ్డు చేరకమునుపే ఆయనకు తోచెను.

కలకత్తా చేరగానే ప్రెసిడెన్సీ కళాశాలలో భౌతికశాస్త్రము బోధించుటకు ఆయనను పిలిచిరి. తాత్కాలికముగా ఒప్పుకొనిన ఆ పని ముప్పది సంవత్సరములకు పైగా సాగినది. కేంబ్రిడ్జికి తిరిగిపోవుట మానెను. ఉదయము తరగతిలో కాంతిని, ఉష్ణమును బోధించు ఆచార్యుడు, మిగిలిన సమయమున ఎవరు ఏ చిక్కు తెచ్చినను అంకెల సహాయముతో విప్పుటకు పూనుకొనెను. 1923లో ఆయనకును నిర్మలకుమారికిని వివాహమయ్యెను. ఆమెను అందరును రాణి యని పిలుచుచుండెడివారు.

మొదట వచ్చినది విద్యార్థులకు సంబంధించిన చిక్కే. 1917లో తత్త్వవేత్తయగు ఆచార్య బ్రజేంద్రనాథ శీలు, కలకత్తా విశ్వవిద్యాలయ పరీక్షాఫలితములను పరిశీలించుటకు ఆయన సహాయము కోరెను. 1920లో నాగపూరున జరిగిన శాస్త్రజ్ఞుల మహాసభలో జంతుశాస్త్ర పరిశోధనశాఖకు అధ్యక్షుడైన నెల్సన్ అన్నండేల్ ఆయనను కలిసెను. కలకత్తాలోని ఆంగ్లో ఇండియనుల శరీరపు కొలతలు ఆయనవద్ద పోగుపడియుండెను. వాటి అర్థమేమో తెలుపుమని కోరెను. ఈ పనినుండియే మహలనోబిస్ పేరు ప్రపంచమున నిలిచిన సిద్ధాంతము మొలకెత్తెను.

దానిని మా విద్యార్థులకు అర్థమగునట్లు చెప్పుదుము. రెండు మానవసమూహములు ఒకదానికొకటి ఎంత దగ్గర, ఎంత దూరము అని తెలుపుట ఎట్లు? ఎత్తు, చేతిపొడవు, ముక్కు వెడల్పు కొలిచి తీసివేసినంత మాత్రమున చాలదు. అంగుళము భేదము ఎత్తునందు స్వల్పము. ముక్కునందు అదియే విపరీతము. ఇంతేకాదు, పొడగరికి చేతులును పొడవుగానే యుండును. ఎత్తులోని భేదమును చేతిపొడవులోని భేదమును వేరువేరుగా కూడినచో, ఒకే భేదమును రెండుమార్లు లెక్కించినట్లగును. ప్రతికొలతయందును మనుష్యునికి మనుష్యునికి సహజముగా నుండు వ్యత్యాసమెంతో చూచి, కొలతల నడుమ గల సంబంధమును గూడ లెక్కలోనికి తీసికొని, దూరమును తేల్చు పద్ధతిని మహలనోబిస్ కనుగొనెను. 1936లో ప్రకటించిన వ్యాసమున దానికి పూర్తిరూపము వచ్చెను. అదియే మహలనోబిస్ దూరము. శరీరపు కొలతల పరిశీలనకై పుట్టిన ఈ కొలత నేడు రోగనిర్ణయమునందును, కంప్యూటరు శాస్త్రమునందును ఉపయోగపడుచున్నది.

ఈ కొలతలు కొందరి గర్వమునకు పాఠము గూడ నేర్పెను. 1925లో బెంగాలులోని కులముల కొలతలను పరిశీలించిన ఆయన, అచ్చటి బ్రాహ్మణులు దూరదేశపు బ్రాహ్మణులకంటె తమ ఇరుగుపొరుగుననున్న ఇతర కులములవారికే ఎక్కువ దగ్గరగా నున్నారని చూపెను. పుకారు చెప్పినదొకటి, లెక్క చెప్పినది మరియొకటి.

1922 మొదలు 1926 వరకు ఆయన కళాశాల పనితో పాటు అలీపూరులోని వాతావరణ పరిశోధనాలయమును గూడ చూచుచుండెను. ఆ సమయమున వరదల విషయము ఆయనకు వచ్చెను. 1922లో ఉత్తర బెంగాలున గొప్పవరద వచ్చి అపారనష్టము కలిగించెను. వరదనీటిని నిలుపుటకు అధికవ్యయముతో గొప్ప జలాశయములు కట్టవలెనని ఇంజనీర్లు తలచిరి. మహలనోబిస్ సుమారు ఏబది సంవత్సరముల వానలను, వరదలను వరుసగా పేర్చి చూచెను. వరద నిలుచుటకు కారణము నీరు త్వరగా పోవుటకు దారి చాలకుండుటయేయనియు, ఆ జలాశయములచే ప్రయోజనము లేదనియు తేల్చెను. దారి మూసి, నీటిని నిందించుట వ్యర్థమని లెక్క చెప్పెను.

1926లో మన ఒడిశాలోని బ్రాహ్మణీ నది పొంగి పొరలెను. నది అడుగు మేట వేసి ఎత్తయినదనియు, అందుచే కరకట్టలను అనేక అడుగులు ఎత్తుచేయవలెననియు నిపుణులు చెప్పిరి. కట్టలు ఎత్తుచేయుట వేలకొలది కూలీల పని. అది తెగిన దినమున కలుగు ఆపద అంతకంత పెద్దది. మహలనోబిస్ అరువది సంవత్సరముల నీటిమట్టములను పరిశీలించెను. నది అడుగు ఎత్తుకాలేదు; ఎగువ కొండలలో కురిసిన అధికవర్షమే వరదకు కారణము. కావున కట్టలు ఎత్తుట కాక, ఎగువన ఆనకట్టలు కట్టి నీటిని ఆపవలెనని ఆయన చెప్పెను. ఆ నీటితో పొలములు తడుపవచ్చుననియు, విద్యుచ్ఛక్తి తీయవచ్చుననియు గూడ సూచించెను. సుమారు ముప్పది సంవత్సరముల పిమ్మట, 1957లో, సంబల్పూరు సమీపమున మహానదిపై హీరాకుడ్ ఆనకట్ట ప్రారంభమయ్యెను. ఈ ఊహకు పూర్వరూపము ఆయన నివేదికలలో కలదు. అయితే ఆ జలాశయమున వందలకొలది గ్రామములు మునిగి, వేలకొలది కుటుంబములు ఇల్లు వాకిలి విడువవలసివచ్చెనని గూడ మనము మరువరాదు. మేలును కొలుచువాడు కీడును గూడ కొలువవలెను. అప్పుడే లెక్క పూర్తియగును.

మహలనోబిస్ అంకెలలోనే మునిగినవాడు కాడు. రవీంద్రనాథ ఠాకూరునకు ఆయన అత్యంత ఆప్తుడు. విశ్వభారతికి 1921 మొదలు పది సంవత్సరములు కార్యదర్శిగా పనిచేసెను. 1926లో కవీంద్రుడు ఐరోపాయాత్ర చేసినప్పుడు దంపతులిరువురును వెంట నుండిరి.

ప్రెసిడెన్సీ కళాశాలలో భౌతికశాస్త్రశాఖయందు తనకిచ్చిన గదిలోనే ఆయన గణాంకశాస్త్రమునకు ఒక చిన్న ప్రయోగశాల పెట్టెను. ఆ గదిలో గుమికూడిన యువకులే తరువాత గొప్ప సంస్థకు పునాదిరాళ్లయిరి. 1931 డిసెంబరు 17వ తేదీన జరిగిన సభలో భారతీయ గణాంకశాస్త్ర సంస్థకు సంకల్పము కలిగెను. 1932 ఏప్రిల్ 28వ తేదీన అది రిజిస్టరు చేయబడెను. మొదటి సంవత్సరము దాని ఖర్చు 250 రూపాయలకు లోపే. 1933లో సంఖ్య అను పేరుతో శాస్త్రపత్రిక వెలువడెను. రాజచంద్ర బోసు, సమరేంద్రనాథ రాయి మొదలగు గణితజ్ఞులు అచ్చటనే తీర్చిదిద్దబడిరి. ఇంగ్లండులోని సుప్రసిద్ధ గణాంకవేత్త రోనాల్డ్ ఫిషర్ ఈ సంస్థను చూచుటకు వచ్చెను. 1941లో కలకత్తా విశ్వవిద్యాలయమున గణాంకశాస్త్రమునకు ఎం.ఏ. తరగతి మొదలగుటకు ఆయన కృషియే కారణము.

ఆ తరగతిలో చదివినవారిలో ఒక తెలుగు యువకుని గూర్చి చెప్పక పోరాదు. ఆయన కల్యంపూడి రాధాకృష్ణరావు. నేటి కర్ణాటకములోని హడగలిలో 1920లో పుట్టిన తెలుగుబిడ్డ. ఆంధ్ర విశ్వకళాపరిషత్తునందు గణితమున ఎం.ఏ. పట్టము పొంది, ఉద్యోగము వెదకుచు కలకత్తా చేరి, అది దొరకక, 1941 జనవరిలో మహలనోబిస్ సంస్థలో శిక్షణకు చేరెను. 1946లో కేంబ్రిడ్జివారు సూడాన్ దేశమున త్రవ్వితీసిన పురాతన అస్థిపంజరముల కొలతలను మహలనోబిస్ పద్ధతిచే పరిశీలింపవలెనని తలచినప్పుడు, మహలనోబిస్ పంపినది ఈ యువకునే. తరువాత ఆయన ప్రపంచమునందలి అగ్రగణ్య గణాంకవేత్తలలో ఒకడై, 2023లో నూట రెండేండ్ల వయసున కీర్తిశేషుడయ్యెను. ఊరుగాని ఊరిలో పుట్టిన తెలుగుబిడ్డకు, భాష వేరైన గురువు చేయూతనిచ్చిన కథ ఇది. మన బడిలోని పిల్లలు దీనిని గుర్తుంచుకొందురుగాక.

మహలనోబిస్ చేసిన సేవలన్నిటిలోను సామాన్యుని బ్రతుకును ఎక్కువగా తాకినది నమూనా సర్వే. దేశమున ఎంత పంట పండినదో ఎట్లు తెలియును? ప్రతి మడిని కొలుచుట అసాధ్యము. గ్రామోద్యోగి ఊహించి వ్రాసినది నమ్మరానిది. ఇంటిలో అన్నము ఉడికినదో లేదో చూచుటకు మన తల్లులు ఏమి చేయుదురు? మెతుకు పట్టి చూతురు. కుండలోని అన్నమంతయు చిదుమరు. అయితే ఇందొక మెలకువ కలదు. కుండ అడుగున మాడియుండవచ్చును. పైన పలుకు మిగిలియుండవచ్చును. కావున కలియబెట్టి, అక్కడక్కడ పట్టి చూడవలెను. పంటయందును అట్లే. మనకు నచ్చిన పొలమును ఎన్నుకొనరాదు. చీటీలు వేసినట్లు యాదృచ్ఛికముగా పొలములను ఎన్నుకొని, వాటిని మాత్రము జాగ్రత్తగా కొలిచినచో, దేశమంతటి పంటను గ్రహింపవచ్చును. ఆ గ్రహింపులో ఎంత తప్పుండునో గూడ ముందుగనే చెప్పవచ్చును.

1937 మొదలు బెంగాలులో జనపనార పంటపై ఆయన ఈ పద్ధతిని ప్రయోగించెను. ఏటేట చిన్న సర్వేలు జరిపి, తప్పులు దిద్దుకొని, క్రమముగా రాష్ట్రమంతటికిని విస్తరింపజేసెను. చాలమంది నమ్మలేదు. కొన్ని పొలములు చూచి అన్నిటిని చెప్పుట జోస్యమువంటిదని వారి భావము. కాని ప్రతి మడిని లెక్కించిన సంపూర్ణగణనముతో పోల్చి చూడగా, నమూనా సర్వేకు అయిన ఖర్చు ఎన్నోరెట్లు తక్కువ. వ్యాపారపు లెక్కలకు దగ్గరగా వచ్చినది గూడ నమూనా సర్వేయే. ఏల ననగా, వేలమంది శిక్షణ లేనివారు తొందరలో చేసిన పెద్దపనికంటె, కొలదిమంది శిక్షితులు శ్రద్ధతో చేసిన చిన్నపని మేలు.

ఇందులో ఆయన పెట్టిన ఒక నియమము మాకు మిక్కిలి నచ్చినది. ఒకే ప్రాంతమునకు రెండు బృందములను వేరువేరుగా పంపెడివాడు. ఒకరి లెక్క మరియొకరికి తెలియదు. రెండు లెక్కలును దగ్గరగా వచ్చినచో నమ్మవచ్చును. రానిచో ఎచ్చటనో తప్పో, సోమరితనమో, మోసమో కలదు. బడిలో కూడికను క్రిందినుండి పైకి మరల కూడి సరిచూచుకొనుమని మేము చెప్పునది ఈ సూత్రమే. తన లెక్కను తానే శంకించుట అవమానము కాదు. అది శాస్త్రజ్ఞుని ధర్మము.

1943లో బెంగాలును మహాకరవు కబళించెను. లక్షలకొలది ప్రజలు మరణించిరి. 1944, 45 సంవత్సరములలో మహలనోబిస్ సంస్థవారు వందలకొలది గ్రామములకు పోయి, వేలకొలది కుటుంబములను విచారించి, కరవు మిగిల్చిన గాయములను కొలిచిరి. పొలము అమ్ముకొన్నవారెందరు, తాకట్టు పెట్టినవారెందరు, దుక్కిటెడ్లు పోగొట్టుకొన్నవారెందరు, కుటుంబపోషకుని కోల్పోయి దిక్కులేనివారైనదెందరు అని వ్రాసిరి. చనిపోయినవారిని ఆ లెక్క బ్రతికింపలేదు. కాని కరవు తీరినదని నగరమున చెప్పుకొనువారికి, పల్లెలలో అది తీరలేదని సాక్ష్యము చూపెను. 1945లో లండనులోని రాయల్ సొసైటీ ఆయనను సభ్యునిగా ఎన్నుకొనెను.

దేశము స్వతంత్రమైన పిమ్మట, 1949లో ఆయన కేంద్ర మంత్రివర్గమునకు గౌరవ గణాంక సలహాదారుడయ్యెను. క్రొత్తప్రభుత్వమునకు తన ప్రజలు ఏమి తినుచున్నారో, ఎంత సంపాదించుచున్నారో సరిగా తెలియదు. ఆయన సలహాపై 1950లో జాతీయ నమూనా సర్వే మొదలయ్యెను. భాషలు వేరు, తూకములు వేరు, కొలతలు వేరు అయిన దేశమున, సర్వే ఉద్యోగులు కాలినడకను, ఎడ్లబండ్లలో పల్లెపల్లెకు పోయి ఇంటింట ప్రశ్నలడిగిరి. పేరు ప్రతిష్ఠలు లేని ఆ విచారకుల శ్రమ లేనిచో ఆచార్యుని సూత్రములు కాగితముపైననే యుండెడివి.

1955లో ఆయన రెండవ పంచవర్ష ప్రణాళికకు ముసాయిదా సిద్ధము చేసెను. ఉక్కు, యంత్రములు మొదలగు భారీపరిశ్రమలకు అందు ప్రాధాన్యమిచ్చెను. ప్రధాని జవహర్లాల్ నెహ్రూకు ఆయనపై గొప్ప నమ్మకము. ఆ ప్రణాళిక దేశమున పరిశ్రమలకు పునాది వేసినదని కొందరందురు. వ్యవసాయమును, ఆహారధాన్యములను, విదేశద్రవ్యపు కొరతను చాలినంతగా తలపలేదని మరికొందరందురు. రెండు మాటలలోను నిజము కలదు. ఒక్కని లెక్కలో దేశపు భవిష్యత్తు అంతయు ఇముడదు.

ఆయన స్వభావమునందును లోపములు లేకపోలేదు. సంస్థను తన మాటమీదనే నడుపవలెనను పట్టుదల ఆయనకుండెను. 1957లో ఇంగ్లండు విడిచి ఈ సంస్థలో చేరిన జీవశాస్త్రజ్ఞుడు హాల్డేన్, ఆయనతో పొసగక 1961లో వెడలిపోయెను. ఆ హాల్డేన్ తరువాత మన భువనేశ్వరమునకు వచ్చి పరిశోధన సాగించి, 1964లో అచ్చటనే కన్నుమూసెను. గొప్పవారి చరిత్రమును చెప్పునప్పుడు గూడ లెక్క సత్యముగా నుండవలెనని ఈ మాట వ్రాసితిమి.

అయినను ఆయన నిర్మించినది సామాన్యము కాదు. ఆసియా, ఆఫ్రికా దేశముల విద్యార్థులు గణాంకశాస్త్రము నేర్చుటకు 1950లో కలకత్తాలో అంతర్జాతీయ శిక్షణకేంద్రము వెలసెను. 1955, 56 సంవత్సరములలో బ్రిటనునుండి తెప్పించిన కంప్యూటరు ఆయన సంస్థలో నెలకొల్పబడెను. మన దేశమున మొదటి డిజిటల్ కంప్యూటరు అదియే. 1959లో పార్లమెంటు చట్టముచే ఆ సంస్థ జాతీయ ప్రాముఖ్యము గలదిగా గుర్తింపబడి, పట్టములిచ్చు అధికారము పొందెను.

వృద్ధాప్యమున గూడ ఆయన క్రొత్తపద్ధతులు వెదకుచునే యుండెను. సగటు అను అంకె ఎంత మోసకరమో ఆయనకు బాగుగ తెలియును. ఒక ఇంట ఒకడు కడుపునిండ తిని, మరియొకడు పస్తున్నను, సగటున ఇరువురును అరకడుపు తిన్నట్లే తేలును. అందుచే ప్రజలను బీదవారినుండి ధనికులవరకు వరుసగా నిలిపి, సమానభాగములుగా విభజించి, ప్రతిభాగమును వేరుగా పరిశీలించు పద్ధతిని ప్రవేశపెట్టెను. పెద్దలెక్కలో చిన్నవారు కనుమరుగు కారాదనుట దాని సారము. సంఖ్యలో తక్కువైన మనకు ఈ మాట విలువ వేరుగా చెప్పనక్కరలేదు.

1968లో భారతప్రభుత్వము ఆయనకు పద్మవిభూషణ బిరుదమిచ్చి గౌరవించెను. 1972 జూన్ 28వ తేదీన ఆయన పరమపదించెను. మరునాటికి ఆయనకు 79 ఏండ్లు నిండియుండెడివి.

మన పెద్దలు చెప్పు కథ యొకటి కలదు. పదిమంది నది దాటి ఒడ్డుచేరి, అందరును క్షేమముగా వచ్చిరో లేదో యని లెక్కించుకొనిరట. లెక్కించిన ప్రతివాడును తన్ను మరచి తొమ్మిదిమందినే లెక్కించి, పదవవాడు నదిలో పోయెనని ఏడ్చెనట. మనము గూడ ఒక్కొక్కప్పుడు అట్లే చేయుచున్నాము. జనగణనమున మాతృభాష అడిగినప్పుడు, ఏది వ్రాసినను ఒకటే యని ఊరకుందుము. బడికి రాని పొరుగింటి పిల్లను మరచి, మన సంఖ్య తగ్గినదని విచారింతుము.

తరగతిలో తొమ్మిదిమందియే యున్నచో, లేని పదవపేరు పట్టీలో వ్రాయవచ్చునా? వ్రాయరాదు. ఒక దొంగపేరు బయటపడిన దినమున, నిజముగా నున్న తొమ్మిదిమందిని గూడ ఎవరును నమ్మరు. మహలనోబిస్ జీవితమునుండి మేము నేర్చిన పాఠమిది. పదవపేరు వ్రాయుట కాదు, పదవపిల్లను వెదకి తెచ్చుట మన పని. ఆమె ఎచ్చటనో కలదు. ఏ ఇంటి పెరటిలోనో తమ్ముని ఎత్తుకొని నిలిచియుండును. ఆమె చేయి పట్టి బడికి తెండు. అప్పుడు వేసిన మొత్తము సత్యమైనదగును. దానిని ఎవరు ఎన్నిమార్లు సరిచూచినను మారదు.